గుర్రం నెమ్మదిగా నడిచే చోటు చూసుకో

అమ్మాయ్,

రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. సెరిబ్రల్ పాల్సీతో ఒళ్లు బిగుసుకునే బాబును గుర్రం థెరపీకి తీసుకెళ్లి చూడమని ఫిజియో చెప్పిందనీ, మీ అత్తగారేమో "సరిగా కూర్చోలేని పిల్లాణ్ణి గుర్రమెక్కిస్తారా" అని అన్నం దగ్గర్నుంచి లేచిపోయారనీ చెప్పావు. ఆవిడ భయపడటంలో తప్పేం లేదు. మావాడికి ఆరేళ్లప్పుడు మీ పెదనాన్న కూడా అచ్చం ఇదే మాట అన్నారు. హిప్పోథెరపీ అన్న పేరు వినగానే "నీటిగుర్రం మీదా?" అని ఎగతాళి కూడా చేశారు. హిప్పోస్ అంటే గ్రీకులో గుర్రమేనట. అలా ఎగతాళి చేసిన మనిషే తర్వాత ఐదేళ్లపాటు శనివారం తెల్లవారి ఐదున్నరకల్లా కారు తీసి వాకిట్లో నిలబడేవారు. ఫోన్లో చెబితే నేను సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నా.

మొన్న మెరీనాలో బాబును గుర్రమెక్కించి ఫోటో పెట్టావు కదా, అల్లుడుగారు వెనక కూర్చుని పట్టుకున్నారు. అది సరదా, బాగుంది. కానీ అదీ ఇదీ ఒకటి కాదు. నీకిప్పుడు కావలసింది సవారీ కాదు, గుర్రం నడక.

నువ్వు నడిచేటప్పుడు ఒకసారి నడుం మీద చేతులు పెట్టుకుని చూడు. పైకీ కిందికీ కదులుతుంది, ఆ పక్కకీ ఈ పక్కకీ ఒరుగుతుంది, కాస్త మెలి కూడా తిరుగుతుంది. గుర్రం వీపు కూడా దాదాపు అలాగే కదులుతుంది. పైన కూర్చున్న పిల్లాడి నడుముకు ఆ కదలిక అందుతుంది. అంటే తన కాళ్లతో ఒక్క అడుగు వెయ్యని పిల్లాడికి కూడా నడక ఎలా ఉంటుందో నడుముకు తెలుస్తుంది. గుర్రం నిమిషానికి సుమారు 100 అడుగులు వేస్తుంది. 20 నిమిషాలు తిరిగితే ఎన్నిసార్లో నువ్వే లెక్క వేసుకో. ఏ ఫిజియో చేతులకూ అంత ఓపిక ఉండదు.

ఇంకొకటి వేడి. గుర్రం ఒళ్లు మన ఒంటికంటే కాస్త వెచ్చన, 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందుకే చాలాసార్లు జీను తీసేసి మెత్తటి ప్యాడ్ మీద కూర్చోబెడతారు. మావాడి పక్కన నేనే నడిచేదాన్ని, వాడి తొడ మీద చెయ్యి వేసి ఉంచడం నా పని. ఎక్కించినప్పుడు ఆ తొడ పచ్చి చెరకు గడలా బిర్రుగా ఉండేది. రెండో చుట్టు దాకా అంతే. మూడో చుట్టులో ఎక్కడో ఒకచోట, నా అరచేతి కింద, నానిన చింతపండులా మెత్తబడేది. ప్రతి వారం దానికోసమే ఎదురుచూసేదాన్ని.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను, నువ్వు చెయ్యకు. మొదట ఊరవతల ఒక చోటికి తీసుకెళ్లాం. వాళ్లు ఏ రిపోర్టూ అడగలేదు, మేమూ చూపించలేదు. పెద్ద గుర్రమైతే స్థిరంగా ఉంటుందని పీపాలాంటి వెడల్పు వీపున్న గుర్రం ఎక్కించారు. రెండు వారాలు బాగానే ఉన్నాడు. మూడో వారం రాత్రంతా ఏడుపు, డైపర్ మారుస్తుంటే కాలు ముట్టనివ్వడు. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీయిస్తే ఎడమ తుంటి కీలు గిన్నెలోంచి కొంచెం జారుతోంది. అది గుర్రం వల్ల వచ్చింది కాదని, ఇలా కాళ్లు బిగుసుకునే పిల్లల్లో ఉండేదేనని డాక్టర్ చెప్పారు. కానీ అలాంటి కాళ్లను అంత వెడల్పు వీపు మీద సాగదీసి కూర్చోబెట్టింది మాత్రం మేమే కదా. ఎనిమిది నెలలు గుర్రం మాటే ఎత్తలేదు. ఆ తర్వాత డాక్టర్ సరే అన్నాక, సన్న వీపున్న ఒక పొట్టి గుర్రంతో మళ్లీ మొదలుపెట్టాం.

కాబట్టి ముందు తుంటి ఎక్స్‌రే తీయించు. బాబుకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయి కదా, ఇప్పుడు మందులతో అదుపులో ఉన్నాయని న్యూరాలజీ డాక్టర్ దగ్గర రాయించుకో. వెన్ను ఎంత వంగిందో కూడా చూడమను. మీ అపార్ట్‌మెంట్లో డౌన్ సిండ్రోమ్ పాప ఉందన్నావు, వాళ్లమ్మ అడిగితే మెడ ఎక్స్‌రే లేకుండా అడుగు పెట్టొద్దని చెప్పు. ఆ పిల్లల్లో కొందరికి మెడ పైన ఎముకల దగ్గర పట్టు వదులుగా ఉంటుంది, కుదుపు తగిలితే ప్రమాదం. ఇవేవీ అడగకుండా "రేపే రండి" అనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

చోటు ఎలా చూసుకోవాలని అడిగావు. బాబును తీసుకెళ్లకుండా ఒకరోజు నువ్వొక్కదానివే వెళ్లి గట్టు మీద కూర్చో. వేరే పిల్లల క్లాసు చూడు. గుర్రాన్ని పట్టుకునే మనిషి ఒకరు, పిల్లాడికి చెరో పక్కన ఒకరు, మొత్తం ముగ్గురు ఉండాలి. ఒకరు తక్కువైనా మొదట్లో వద్దు. ఎక్కించడానికి మెట్లో, ర్యాంపో ఉండాలి. కింద నుంచి పిల్లాణ్ణి మూటలా ఎత్తి వేస్తుంటే లేచి వచ్చేయ్. పడిపోకుండా పిల్లాణ్ణి బెల్టుతో జీనుకు కట్టేస్తామన్నా అంతే. గుర్రం తూలిందంటే పిల్లాడు దాని కింద పడతాడు. పట్టుకునేది మనుషులే కావాలి, తాడు కాదు.

తర్వాత గుర్రాన్ని చూడు. మన పిల్లాణ్ణి దాని వీపు మీద పెడుతున్నాం, దాని సంగతి మనకు పట్టాలి. పొట్ట కింద పట్టీ ఒరుసుకుని పుళ్లు పడ్డాయా, బకెట్లో నీళ్లున్నాయా, రోజుకు ఎంతమంది పిల్లల్ని మోస్తుంది, ఇవన్నీ అడుగు. ఊరికే చెవులు వెనక్కి అణిచి, తోక విసురుతూ ఉందంటే దానికి విసుగ్గా ఉందనో, ఎక్కడో నొప్పిగా ఉందనో అర్థం. మేం వెళ్లిన చోట గుర్రాన్ని చూసుకునే సైసు ఒకరోజు "ఈరోజు దీని మనసు బాలేదమ్మా" అని క్లాసు ఆపేశాడు. అంత దూరం వచ్చామని మీ పెదనాన్న గొణిగారు. నాకు మాత్రం ఆ మాటతోనే అతని మీద నమ్మకం కుదిరింది.

అతను తమిళతను. గుర్రానికి "పో" అంటే కదులుతుంది, "నిల్లు" అంటే ఆగుతుంది. మనకు కొత్తగా నేర్చుకునేదేముంది, మన మాటలే! మావాడికి అప్పటికి అమ్మ తప్ప మాట లేదు. వాడు నోరు తెరిచేదాకా గుర్రాన్ని కదిలించేవాడు కాదు ఆ సైసు. అలా నిలబడిపోయేవాడు, ఒక నిమిషం, రెండు నిమిషాలు. నాకు టెన్షన్, పక్కనున్న ఫిజియో పెదవి మీద వేలు పెట్టి నన్ను ఆపేది. నాలుగో వారమో ఐదో వారమో "ప్" అన్నాడు. సైసు అడుగేశాడు, గుర్రం అడుగేసింది. తన నోటి మాటకు అంత పెద్ద జంతువు కదిలిందని వాడికి తెలిసిన ఆ క్షణం వాడి మొహం చూడాలి. తలెత్తి కూర్చున్నాడు. మేం ఎన్ని నెలలుగా "తల ఎత్తు నాన్నా" అని గోల పెట్టామో!

అన్నట్టు, క్లాసు జరిగేటప్పుడు నువ్వు దూరంగా ఉండు. గట్టు మీద నుంచి "జాగ్రత్త, జాగ్రత్త" అని నేను ఒకసారి అరిస్తే గుర్రం చెవులు నావైపు తిరిగాయి, మావాడి కాళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. టీ తాగి రమ్మని నన్ను మర్యాదగా బయటికి పంపించారు. పక్కన నడిచే పని నాకు ఇచ్చింది ఏడాది తర్వాత, అదీ శిక్షణ ఇచ్చాకే.

మీ అత్తగారికి లిస్ హార్టెల్ సంగతి చెప్పు. డెన్మార్క్ ఆవిడ. 1944లో పోలియో వచ్చి మోకాళ్ల కింద కాళ్లు పడిపోయాయి. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు సాయం పట్టాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రం మీద వెండి పతకం గెలిచింది, 1956లో మళ్లీ గెలిచింది. ఇలాంటి రైడింగ్ కేంద్రాలు పెట్టాలన్న ఊపు చాలా దేశాల్లో ఆవిడ్ని చూసే వచ్చింది. అయితే ఈ కథ అత్తగారి కోసమే, నీకోసం కాదు. నువ్వు పతకాల లెక్కలో పడకు.

ఎందుకంటే గుర్రం ఎక్కితే బాబు నడిచేస్తాడని ఎవరన్నా అంటే నమ్మొద్దు. మావాడికిప్పుడు పద్నాలుగేళ్లు, వాకర్‌తోనే నడుస్తాడు. మారింది నడుం. మొదట్లో మంచం అంచున చేతులు వదిలి పది సెకన్లు కూర్చోలేకపోయేవాడు. రెండేళ్లకు అక్కడే కూర్చుని తన గిన్నెలో తనే ఇడ్లీ తుంచుకుని తిన్నాడు. చట్నీ ఒళ్లంతా పూసుకున్నాడనుకో. నువ్వు కూడా అలాంటి చిన్న పని ఒకటి అనుకుని, నెలకోసారి అదే మంచం, అదే వెలుతురులో వీడియో తీసి పెట్టుకో. ఆరు నెలలకు తేడా లేకపోతే ఫిజియోతో కూర్చుని మాట్లాడు. రోజువారీ ఫిజియోథెరపీ మాత్రం మానొద్దు, గుర్రం దానికి తోడు మాత్రమే.

మద్రాసు ఎండ సంగతి నీకు చెప్పాలా! ఆరు, ఏడున్నర మధ్య క్లాసు దొరికితేనే ఒప్పుకో. మే నెలలో కత్తిరి ఎండలప్పుడు ఆపేయ్, గుర్రానికి కూడా మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు ఎన్నో క్లాసులు పోతాయి కాబట్టి, మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టే ముందు రద్దయిన క్లాసు సంగతేమిటో తేల్చుకో. గంట ముందే తేలిగ్గా తినిపించు, డైపర్ అక్కడికి వెళ్లాక మార్చు. కుట్లు ఒరుసుకునే జీన్స్ వద్దు, మెత్తటి కాటన్ ప్యాంటు వెయ్యి.

డబ్బు విషయం. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఇన్సూరెన్స్ సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది. బాబుకు ఇంకా తీసుకోలేదంటే ముందు ఆ పని చూడు. ఏమేం కవరవుతాయో కూడా అప్పుడే అడిగి తెలుసుకో. కదలికలు, కూర్చోవడం పూర్తిగా పరీక్ష చేయించాలంటే ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్‌మెడ్ ఉంది. పొద్దున్నే వెళ్లు, రోజంతా పడుతుంది, పెరుగన్నం కట్టుకెళ్లు.

వచ్చే ఆదివారం నేనూ వస్తాను, ఇద్దరం కలిసి ఒక చోటు చూసొద్దాం. క్యారెట్లు తీసుకురా, కానీ సాంబారుకు కోసినట్టు గుండ్రంగా కొయ్యకు, గుర్రం గొంతులో ఇరుక్కుంటాయి. పొడుగ్గా చీల్చు. బాబు చేత పెట్టించేటప్పుడు అరచెయ్యి చదునుగా చాపించాలి, వేళ్లు ముడిస్తే క్యారెట్ అనుకుని కొరుకుతుంది. వాడి వేళ్లు ఎటూ ముడుచుకునే ఉంటాయి కాబట్టి మొదటిసారి నీ అరచెయ్యి కింద పెట్టు, వాడి చెయ్యి పైన.

సైకిల్ హెల్మెట్ సరిపోతుందా అన్నావు, సరిపోదు, గుర్రాలకే వేరే ఉంటుంది. మావాడిది అటక మీద ఉంది గానీ అది ఒకసారి సిమెంటు గచ్చు మీద గట్టిగా పడింది. పైకి బాగానే కనబడుతుంది. అయినా ఇవ్వను, కొత్తది కొనుక్కో.

నీ పెద్దమ్మ