ప్రీ లాంచ్‌లో 38 లక్షలు కట్టాం, ఇప్పుడు ఫ్లాట్ బదులు యూడీఎస్ (భూమిలో విడదీయని ఉమ్మడి వాటా) రాసిస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

ప్రశ్న: 2021లో హైదరాబాద్ తెల్లాపూర్ వైపు ఒక పదెకరాల ప్రాజెక్టులో ప్రీ లాంచ్ (పర్మిషన్లు రాకముందే అమ్మే) ఆఫర్ అని చెబితే 1300 ఎస్ఎఫ్‌టీ ఫ్లాట్‌కి 38 లక్షలు మొత్తం కట్టేశాం. 30 లక్షలు బ్యాంకు ద్వారా, 8 లక్షలు క్యాష్. 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద ఎంఓయూ (అవగాహన ఒప్పంద పత్రం) ఇచ్చారు, అందులో మమ్మల్ని ఇన్వెస్టర్ అని రాశారు. ఇప్పటికీ పర్మిషన్ లేదు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేదు. గట్టిగా అడిగితే 35 గజాల యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేస్తాం, సెటిల్ అయిపోయినట్టు సంతకం పెట్టండి అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టకండి. ఎవరెంత తొందరపెట్టినా సరే, ఇంకో లాయర్‌కి చూపించకుండా అసలు పెట్టకండి.

యూడీఎస్ అనేది తప్పు కాదండి, ప్రతి ఫ్లాట్ సేల్ డీడ్‌లోనూ ఇన్ని గజాల అవిభక్త వాటా అని ఉంటుంది. కానీ బిల్డింగే లేని చోట ఒట్టి వాటా రాయించుకుంటే మీ చేతికి వచ్చేదేంటో చూడండి, పదెకరాలంటే 48,400 గజాలు, అందులో మీ 35 గజాలు ఎక్కడో ఎవరూ చూపించలేరు, రాయి పాతుకోలేరు, కంచె వేసుకోలేరు, వందల మంది ఉమ్మడి ఓనర్లలో మీరొకరు అవుతారు, అమ్ముకుందామన్నా కొనేవాడు దొరకడం కష్టం. పైగా రేపు మీరు కేసు వేస్తే "వీళ్లు ఫ్లాట్ కొన్నవాళ్లు కాదు, భూమి కొన్నారు, రిజిస్ట్రేషన్ కూడా చేసిచ్చాం" అని అవతలి లాయర్ మొదట ఎత్తే పాయింట్ ఇదే. వాళ్లు ఇప్పుడు ఇంత ఉదారంగా రాసిస్తామనడానికి కారణం అదే అని నా అభిప్రాయం.

ఇక చట్టం సంగతి. రెరా చట్టం 2016 సెక్షన్ 3 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క ఫ్లాట్ కూడా అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, కనీసం యాడ్ కూడా ఇవ్వకూడదు. 500 చదరపు మీటర్ల లోపు స్థలం లేదా 8 ఫ్లాట్ల లోపు ఉంటేనే మినహాయింపు, మీది పదెకరాలు కాబట్టి ఆ మాటే రాదు. సెక్షన్ 13 ప్రకారం సేల్ అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా రేటులో 10 శాతానికి మించి తీసుకోకూడదు, మీ దగ్గర మొత్తం తీసేసుకున్నారు.

చాలామంది "రెరా నంబరే లేదు, ఇక రెరా మా కేసు ఎలా తీసుకుంటుంది" అని ఆగిపోతున్నారు. అది తప్పు. సెక్షన్ 31 కింద చట్టాన్ని ఉల్లంఘించిన ప్రమోటర్ మీద నష్టపోయిన ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు, రిజిస్టర్ కాని ప్రాజెక్టుల మీద కూడా. రిజిస్టర్ చేయకపోవడం వాళ్ల తప్పు, దానికి సెక్షన్ 59లో ప్రాజెక్టు అంచనా ఖర్చులో 10 శాతం దాకా పెనాల్టీ ఉంది, వాళ్ల తప్పు వాళ్లకే రక్షణ ఎలా అవుతుంది?

ఇన్వెస్టర్ అన్న మాటకి కూడా భయపడకండి. ఫ్లాట్ సైజు, ఫ్లోరు, హ్యాండోవర్ ఇవన్నీ ఎంఓయూలో ఉంటే అది ఫ్లాట్ కొనుగోలే అని వాదించడానికి మీకు గట్టి ఆధారం ఉన్నట్టే. ఒకవేళ బైబ్యాక్ (వాళ్లే తిరిగి కొంటామని) అనో నెలనెలా ఇంత రిటర్న్ అనో రాసుంటే మాత్రం మీ లాయర్‌కి ముందే చెప్పండి, అక్కడ కేసు కొంచెం బలహీనపడుతుంది.

మీరు అడగాల్సింది సెక్షన్ 18 కింద వడ్డీతో సహా రిఫండ్. చెప్పిన టైముకి ఇవ్వకపోతే డబ్బు వెనక్కి తీసుకునే హక్కుకి ఎలాంటి షరతూ లేదని 2021లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తెలంగాణ రూల్స్ ప్రకారం వడ్డీ ఎస్‌బీఐ హయ్యెస్ట్ ఎంసీఎల్ఆర్ (బ్యాంకు లోన్ వడ్డీకి ఆధారంగా పెట్టుకునే రేటు) మీద 2 శాతం కలిపి. ఎంఓయూలో హ్యాండోవర్ తేదీ లేకపోయినా, తేదీ లేనప్పుడు 3 ఏళ్లు సమంజసమైన టైము అని 2018లో ఫార్చ్యూన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో సుప్రీంకోర్టు అంది.

8 లక్షల క్యాష్ దగ్గరే ఇబ్బంది. రసీదు ఉంటే సరే, లేకపోతే మొత్తం 38 అందినట్టు వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్, మెయిల్, ఏదైనా స్టేట్‌మెంట్ వెతకండి. ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి, వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. క్యాష్ ఇచ్చిన విషయం దాచి కేసు వేయొద్దు, అది బయటపడితే మిగతా 30 లక్షల మీద కూడా మీ మాట పలచబడుతుంది.

టైము కూడా చూసుకోండి. 2021 కాబట్టి లిమిటేషన్ (కేసు వేసే గడువు దాటిపోయింది) అనే వాదన తప్పకుండా వస్తుంది. గడువు దాటకముందే "మీ డబ్బు మా దగ్గరుంది, ఇస్తాం" అని వాళ్లు రాతలో ఒప్పుకుని సంతకం చేసి ఉంటే ఆ రోజు నుంచి గడువు మళ్లీ లెక్కలోకి వస్తుంది, అలాంటి లెటర్లు జాగ్రత్త చేయండి. ఇంకా వాయిదా వేయడం మాత్రం ఎంతమాత్రం మంచిది కాదు.

అసలు ఈ ప్రీ లాంచ్ జబ్బు ఇక్కడ ఇంతలా ఎందుకు పాకింది అంటే, భూమి కొనడానికి బ్యాంకులు ప్రైవేట్ బిల్డర్లకి లోన్ ఇవ్వకూడదని ఆర్బీఐ రూల్ ఉంది. ఇటు 2006 జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టొచ్చనే లెక్క) పరిమితి పోయింది కాబట్టి ఎంత ఎత్తైనా లేపొచ్చన్న ఆశ, ఆ ఆశతో భూమి రేటు పెరిగి 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ భూమికి డబ్బు ఎక్కడిది, మీలాంటి వాళ్ల జీతాలు, ఊళ్లో అమ్మిన పొలాలు. సగం రేటుకి ఫ్లాట్ అన్నారంటే బ్యాంకు మోయని రిస్కు మీ నెత్తిన పెట్టారని అర్థం. ఇది రాస్తుంటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో రిటైర్మెంట్ డబ్బు మొత్తం పెట్టినవాళ్లు ఉన్నారు.

ఆర్డర్ రావడం ఒకటి, డబ్బు రావడం ఇంకొకటి. రెరా ఆర్డర్‌ని సెక్షన్ 40 కింద భూమి శిస్తు బకాయిలా వసూలు చేయొచ్చు, కానీ దానికి కంపెనీ పేరు మీద ఏదో ఒకటి ఉండాలి కదా. అందుకే రేపే ఆ సర్వే నంబర్ల మీద ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) తీయించండి. భూమి ఇంకా రైతుల పేరు మీదే ఉండి బిల్డర్ దగ్గర ఒట్టి అగ్రిమెంట్ ఉంటే, రెరాతో పాటు పోలీసు కంప్లైంట్ కూడా ఆలోచించాల్సిందే. ఇలా ఎక్కువ మంది దగ్గర వసూలు చేసినప్పుడు చీటింగ్ సెక్షన్లతో పాటు తెలంగాణ డిపాజిటర్ల రక్షణ చట్టం 1999 కూడా పెట్టించే ప్రయత్నం చేయొచ్చు, దాని కింద ఆస్తులు అటాచ్ చేసే వీలుంది. మీతో కట్టినవాళ్లు ఎవరెవరో కనుక్కోండి, పది మంది కలిసి వెళ్తే ఆ కంప్లైంట్‌కి బరువు వేరు.

ఈలోగా రిజిస్టర్డ్ పోస్టులో 15 రోజుల గడువుతో లీగల్ నోటీసు పంపండి, యూడీఎస్ ఆఫర్ ఒప్పుకోవడం లేదని, 38 లక్షలు వడ్డీతో కావాలని అందులో స్పష్టంగా రాయించండి. ఒరిజినల్ ఎంఓయూ మాత్రం "చెక్ చేసి ఇస్తాం" అన్నా వాళ్ల చేతికి ఇవ్వకండి, జిరాక్సే ఇవ్వండి.