ఆ రాయి మీద ఏ మాట ఉంది?

తమ్ముడూ,

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. మీ ఊరి దర్గా పక్కనున్న చిన్న మసీదులో సున్నం పెచ్చు ఊడిన చోట ఏడు పొరలు లెక్కపెట్టానని రాశావు. ఆ వాక్యం బాగుంది. దాని కిందే, అక్కడి రాయి మీది ఏడాది చూసి, "హిజ్రీ 1100, అంటే 1722లో నిజాం నవాబు కట్టించిన అపురూప కళాఖండం" అన్నావు. చదవగానే ఒళ్లు మండింది.

1100కి, హిజ్రీ లెక్క మొదలైన 622 కలిపేశావు. హిజ్రీ ఏడాది చంద్రుడి లెక్క, మన ఏడాదికన్నా దాదాపు పదకొండు రోజులు తక్కువ. నీ 1100 అంటే 1688-89. గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది 1687లో. ఆ రాయి కట్టినప్పటిదే అయితే, రాజ్యం కూలిన ఏడాదికో రెండేళ్లకో గుంటూరు సీమలో ఒక పల్లెటూరి పీరు పక్కన మసీదు లేచిందన్నమాట! ఎవరు డబ్బిచ్చారు? సున్నం ఎవరి గానుగలో ఆడింది? అసలు కథ అక్కడుంటే నువ్వు దాన్ని నవాబు పేరుతో మూసేశావు. 1722 నాటికి నిజాం ఇంకా స్వతంత్రుడే కాలేదు, అది 1724 మాట.

పల్లె మసీదుకి రాజుల్ని వెతక్కు. ఏ ఊళ్ళో ఏ గుడికి, ఏ పీరుకి ఎంత మాన్యం ఉందో కంపెనీ కాలపు సర్వేయరు మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ళ చరిత్ర రాతల్లో చూడు. మాన్యం భూముల హక్కులు తేల్చడానికి 1858లో వేసిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు కూడా తిరగెయ్యి. అక్కడ దొరికేది నవాబు కాదు, దీపానికి నూనె పోసిన కుటుంబం.

నేనూ ఇలాగే తప్పు చేశాను. నా మొదటి వ్యాసంలో గుమ్మం మీది రాయి చూసి, మసీదు ఆ ఏడే కట్టారని రాసేశాను. అచ్చయ్యాక అక్కడ మసీదు బాగోగులు చూసే ముతవల్లి నన్ను తీసుకెళ్లి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు: మరమ్మత్. మనం రోజూ అనే మరమ్మత్తే! తల ఎత్తలేకపోయాను. ఆ ఏడాదే ఒక మౌల్వీ గారి దగ్గర ఫారసీ అక్షరాలు నేర్చుకున్నాను. కొన్నిచోట్ల అంకె ఉండదు, మాటలోనే ఏడాది దాస్తారు. 'యా హాఫిజ్' అక్షరాల విలువలు 10, 1, 8, 1, 80, 900 కూడితే 1000 వస్తుంది, అది చార్మినార్ నాటి హిజ్రీ ఏడాది. ఆ కూడిక మొదటిసారి కుదిరిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత టేపు పట్టి కొలిచి రాస్తే, ఒక ఆదివారం అనుబంధం ఎడిటరు అంకెలన్నీ కొట్టేసి "మహిమలేమైనా ఉంటే రాయండి" అన్నాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. మెహరాబు, అంటే నమాజు దిక్కు చూపే గోడ గూడు, లోతెంతో, కమాను ఎత్తెంతో మనం రాయకపోతే, రేపు గోడకి టైల్స్ అతికించాక ఎవరికి తెలుస్తుంది?

ఏ పత్రికకి పంపాలో తర్వాత చూద్దాం. ఉర్సు దగ్గరపడుతోందన్నావు, అంటే పెయింటు డబ్బాలు వచ్చేసుంటాయి. ఇంకో పూత పడితే అక్షరాలు పూడిపోతాయి. ముతవల్లి గారిని అడిగి, చీకటి పడ్డాక వెళ్ళు. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వేసి ఫోటో తియ్యి. ఆ 1100 దగ్గర తామీర్, అంటే కట్టడం, అని ఉందో, మరమ్మత్ అని ఉందో చదివించుకుని నాకు రాయి.