కొత్త మిషన్ కొనే ముందు డ్రెస్సింగ్ డైమండ్ బయటికి తీసి చూడండి

మిషన్ షాపులో కటింగ్, గ్రైండింగ్ ప్రొడక్షన్ పెరగడం లేదు, స్పీడ్లు పెంచాలా, కొత్త మిషన్ కొనాలా అని అడిగారు. రెండూ వద్దు, కనీసం ఇప్పుడే వద్దు. ముందు మీ గ్రైండింగ్ మిషన్ దగ్గరికి వెళ్లి డ్రెస్సింగ్ డైమండ్‌ను (గ్రైండింగ్ వీల్ పైపొరని చెక్కి కొత్త అంచులు తెరిచే డైమండ్ కొన టూల్) హోల్డర్‌లోంచి తీసి వెలుతురులో పెట్టి చూడండి. ఎందుకంటున్నానో తెలియాలంటే ఒక షాఫ్టుల లాట్ సంగతి చెప్పాలి.

నేను షిఫ్ట్ ఇన్‌ఛార్జి అయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. 45 మిల్లీమీటర్ల డయా షాఫ్టులు, హీట్ ట్రీట్‌మెంట్ అయి 58-60 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి స్కేల్) హార్డ్‌నెస్‌తో వచ్చేవి. సిలిండ్రికల్ గ్రైండింగ్‌లో ఒక్కో జాబ్‌కి 22 నిమిషాలు పట్టేది. అసెంబ్లీ వాళ్లు రోజూ నా నెత్తిన కూర్చునేవారు. ఆ టెన్షన్‌లో ఫీడ్ (వీల్‌ని జాబ్ మీదకి జరిపే వేగం) కాస్త ఎక్కువ ఇప్పిస్తే జాబ్ మీద గోధుమరంగు చారలు పడ్డాయి, అంటే పైపొర కాలింది. నాలుగు షాఫ్టులు రిజెక్షన్‌కి వెళ్లాయి.

జాబ్ గట్టిది కాబట్టి వీల్ ఇంకా గట్టిగా ఉండాలనుకున్నాను. కె గ్రేడ్ వీల్ తీయించి ఎం గ్రేడ్ వేయించాను (ఏ నుంచి జెడ్ వైపు పోయేకొద్దీ వీల్ గట్టిది). ఫినిష్ బాగా రావాలని డ్రెస్సింగ్ కూడా నెమ్మదిగా చేయించాను. చారలు తగ్గకపోగా ఇంకా పెరిగాయి. వీల్ మాత్రం అద్దంలా మెరిసేది. అది చూసి డ్రెస్సింగ్ బాగా కుదిరిందనుకున్నాను.

రాత్రి షిఫ్టులో ఒక పెద్దాయన ఉండేవారు. అందరం ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. నేను తల పట్టుకుని నిలబడితే ఆయన మిషన్ ఆపారు. వీల్ పూర్తిగా ఆగేదాకా చూసి, దాని మీద వేలిగోటితో గీశారు. "గోరు జారిపోతోంది చూడు బాబూ. ఇది కొయ్యట్లేదు, రుద్దుతోంది" అని నా చేతికి భూతద్దం ఇచ్చారు. వీల్‌లో మెటల్‌ని కోసే గింజల కొనలన్నీ అరిగి చదునై, సన్నటి అద్దం పెంకుల్లా మెరుస్తున్నాయి. కోసే అంచన్నది ఎక్కడా కనపడలేదు. అంచు లేని వీల్‌ని జాబ్ మీదకి ఎంత నొక్కితే అంత వేడి పుడుతుంది, అంతే.

తర్వాత డైమండ్ తీసి చూపించారు. కొన ఉండాల్సిన చోట ఒక మిల్లీమీటరుకు పైనే చదును. దాన్ని హోల్డర్‌లో తిప్పి ఎన్నాళ్లయిందో మా షాపులో ఎవరూ చెప్పలేకపోయారు. మొద్దు డైమండ్ గింజల్ని విరగ్గొట్టి కొత్త అంచులు తెరవదు, ఉన్నవాటినే నున్నగా చేసి వదిలేస్తుంది.

"గట్టి జాబ్‌కి మెత్తటి వీల్ కావాలి బాబూ. గింజ మొద్దుబారగానే ఊడిపోవాలి, దాని వెనకది ముందుకు రావాలి. నువ్వు ఊడనివ్వకుండా బిగించి కూర్చున్నావు."

మళ్లీ కె గ్రేడ్ వీల్ ఎక్కించాం. డైమండ్‌ని కొత్త కొన వచ్చేలా తిప్పి, వీల్ తిరిగే వైపుకి 10-15 డిగ్రీలు వాల్చి బిగించారు. మా వీల్ 1400 ఆర్‌పీఎం మీద తిరిగేది, నేను డైమండ్‌ని నిమిషానికి 100 మిల్లీమీటర్ల చొప్పున నడిపించేవాణ్ని. అంటే వీల్ ఒక చుట్టు తిరిగేసరికి డైమండ్ జరిగేది 0.07 మిల్లీమీటర్లే. ఆయన దాన్ని 350కి పెంచారు, అప్పుడు చుట్టుకి 0.25 వచ్చింది. ఆ డ్రెస్సింగ్‌తో లాట్ మొత్తం రఫ్ చేసి, ఆఖరి కొన్ని మైక్రాన్లు మాత్రం నెమ్మది డ్రెస్సింగ్‌తో ఫినిష్ చేద్దామన్నారు. కూలెంట్ (వేడి తగ్గించే ద్రవం) పైపు కూడా సరిచేశారు. అప్పటిదాకా అది జాబ్ నెత్తిన పడేది. వీల్ తనతోపాటు గాలిని తిప్పుకుంటూ వస్తుంది కాబట్టి నెమ్మదిగా పడే కూలెంట్‌ని ఆ గాలే పక్కకి తోసేస్తుంది. వీల్, జాబ్ కలిసే చోటికే సూటిగా, జోరుగా కొట్టాలి. పైపు వంచడం ఐదు నిమిషాల పని, నెలల తరబడి ఎవరూ చేయలేదు.

మొదటి జాబ్ పెట్టగానే శబ్దం మారింది. అంతకుముందు కీచుమనేది, ఇప్పుడు సర్రుమని కోస్తోంది. చారలు లేవు.

అక్కడితో ఆగలేదు. లేత్ వాళ్లు గ్రైండింగ్‌కి డయా మీద 0.6 మిల్లీమీటర్లు వదిలేవారు. హీట్ ట్రీట్‌మెంట్‌లో షాఫ్ట్ వంగుతుందేమోనని భయం. మర్నాడు డయల్ గేజ్ పెట్టి లాట్ మొత్తం చెక్ చేస్తే ఎక్కడా రనౌట్ (తిప్పినప్పుడు కనపడే వంకర) 0.12 దాటలేదు. లేత్ దగ్గర వదిలే ఆ మెటల్‌ని, అంటే అలవెన్స్‌ని, 0.3కి తగ్గించాం. మేము పాస్‌కి డయా మీద 0.01 తీసేవాళ్లం, కాబట్టి 60 పాసులు 30 అయ్యాయి. పాస్‌కి 12 సెకన్లు వేసుకున్నా జాబ్‌కి ఆరు నిమిషాలు మిగిలినట్టే. డ్రెస్సింగులు, మధ్యమధ్య కొలతలు కూడా తగ్గి మొత్తం 11 నిమిషాలకి వచ్చింది. అదే మిషన్, అదే ఆపరేటర్. నేను పని చేసిన ప్రతి షాపులోనూ గ్రైండింగ్ ఆలస్యానికి సగం కారణం లేత్ దగ్గర అవసరానికి మించి వదిలిన మెటలే. మీ దగ్గరా అదే ఉంటుందని గట్టిగా చెప్తాను.

ఇక స్పీడ్ సంగతి. ప్రొడక్షన్ అనగానే అందరి చెయ్యీ స్పీడ్ మీదకే పోతుంది. ఇది నాకు అస్సలు నచ్చని అలవాటు. అమెరికన్ ఇంజనీర్ ఎఫ్.డబ్ల్యు. టేలర్ మెటల్ కటింగ్ మీద 26 ఏళ్లు ప్రయోగాలు చేసి 1906లోనే లెక్క తేల్చి చెప్పాడు. ఆ లెక్కని ఇప్పటి కార్బైడ్ ఇన్సర్ట్‌కి (టూల్ కొనకి బిగించే, మార్చుకునే ముక్క) వేస్తే, స్పీడ్ 20 శాతం పెంచితే టూల్ లైఫ్ ఇంచుమించు సగానికి పడిపోతుంది. ఫీడ్ పెంచితే అంత దెబ్బ ఉండదు, డెప్త్ (ఒక్కసారికి కోసే లోతు) పెంచితే ఇంకా తక్కువ. కాబట్టి మిషన్ పవర్, జాబ్ బిగింపు తట్టుకున్నంత డెప్త్ ముందు తీసుకోండి, తర్వాత ఫీడ్, చివరికి స్పీడ్. ఫినిష్ పోతుందని ఫీడ్ పెంచడానికి భయపడితే ఇన్సర్ట్ నోస్ రేడియస్ (కొన గుండ్రం) 0.4 మిల్లీమీటర్ల బదులు 0.8 వేసి చూడండి. లెక్క ప్రకారం అదే ఫీడ్‌కి గరుకు సగమవుతుంది. సన్నటి, పొడుగాటి జాబ్ అయితే మాత్రం చాటర్ (జాబ్ వణుకు) వస్తుంది, అక్కడ వద్దు.

ఇంకో విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. గంటగంటకీ బోర్డు మీద ప్రొడక్షన్ రాయించి, తగ్గితే ఆపరేటర్‌ని నిలదీస్తారు. ఆ గంటలో అతను మైక్రోమీటర్ కోసం ఎంతసేపు తిరిగాడో, ఇన్సర్ట్ పెట్టె తాళం ఉన్న మనిషి కోసం ఎంతసేపు నిలబడ్డాడో ఎవరూ రాయరు. ఒక్క షిఫ్ట్ వాచీ పెట్టుకుని మిషన్ పక్కన కూర్చోండి. స్పిండిల్ తిరుగుతూ నిజంగా చిప్ తీసిన నిమిషాలు మాత్రమే లెక్కపెట్టండి. ఆ అంకె చూశాక అతణ్ని తిట్టడానికి మీకు నోరు రాదు.

తొందరలో వీల్ మార్చేటప్పుడు మాత్రం రింగ్ టెస్ట్ మానకండి. వీల్‌ని వేలికి తగిలించి చెక్క పిడితో మెల్లగా తడితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే పగులుంది, ఎక్కించకండి. ఎక్కించాక గార్డు మూసి, పక్కకి తప్పుకుని ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. ఆ నిమిషం మిగుల్చుకుందామని చూసిన సూపర్‌వైజర్‌తో నేను అందరి ముందూ గొడవ పడ్డాను.

మీ వీల్ మీద అచ్చేసిన నంబర్, డ్రెస్సింగ్ ఎంత వేగంతో చేస్తున్నారు, లేత్ దగ్గర ఎంత అలవెన్స్ వదులుతున్నారు, ఈ మూడూ కింద రాయండి. డైమండ్ కొన ఫోటో కూడా పెడితే వీల్ మార్చాలో డ్రెస్సింగ్ మార్చాలో చెప్తాను.