మామగారు అడిగిన కిల్ట్

ప్రశ్న: స్కాట్లాండ్‌లోని అబర్దీన్‌లో ఉంటాం. నా భార్య ఇక్కడి అమ్మాయి. వాళ్ల తాతగారు గోర్డన్ హైలాండర్స్ అనే స్కాటిష్ రెజిమెంటులో సైనికుడు. 1940 జూన్‌లో ఫ్రాన్స్‌లోని సెయింట్ వలేరీ దగ్గర జర్మన్లకు బందీగా చిక్కి, యుద్ధం ముగిశాకే ఇల్లు చేరారట. ఈ రిమెంబరెన్స్ సండేకి (యుద్ధాల్లో చనిపోయిన సైనికులను నవంబరులో స్మరించుకునే ఆదివారం) ఆయన పేరు మీద కిల్ట్ (స్కాటిష్ మగవాళ్లు వేసుకునే గళ్ల పావడా) వేసుకోమని మామగారు అడుగుతున్నారు. తెలుగువాణ్ని, సైన్యంలో చేసినవాణ్ని కాదు. ఎవరైనా తప్పు పడతారేమోనని టెన్షన్‌గా ఉంది. తాతగారి మెడల్స్ కూడా పెట్టుకోవచ్చా?

జవాబు: నిస్సంకోచంగా వేసుకోండి. అడిగింది తాతగారి కన్నకొడుకు. తండ్రి జ్ఞాపకాన్ని అల్లుడి చేతిలో పెడుతున్నారంటే మిమ్మల్ని ఎంత సొంతం చేసుకున్నారో చూడండి.

గోర్డన్ టార్టన్ (ఆ రెజిమెంటు కిల్ట్ గళ్ల బట్ట) అంటే ముదురు ఆకుపచ్చ, నీలం, నలుపు గళ్ల మీద పసుపు చార. అది ఎవరైనా వేసుకోవచ్చు, ఏ చట్టమూ అడ్డు చెప్పదు. యూనిఫాం సంగతి వేరు. దుప్పి తల, ఐవీ ఆకులు ఉన్న రెజిమెంటు టోపీ బ్యాడ్జి పెట్టుకోకండి. నడుం ముందు వేలాడే తెల్ల గుర్రపు వెంట్రుకల స్పోరన్ అనే సంచి కూడా వద్దు. అవి ఆ రెజిమెంటులో పనిచేసినవాళ్లవి. మామూలు తోలు స్పోరన్, ముదురు రంగు కోటు చాలు.

మెడల్స్ తప్పకుండా పెట్టుకోండి, కానీ కుడివైపు. ఎడమవైపు పెడితే అవి మీరే సంపాదించుకున్నవని అర్థం. కుడివైపు ఉంటే ఇంట్లో పెద్దవారివని అక్కడి మాజీ సైనికులకు చూడగానే తెలుస్తుంది. బహుశా వాళ్లే వచ్చి తాతగారి గురించి అడుగుతారు. అందుకే ఆయన ఏ బెటాలియనో మామగారిని ముందే కనుక్కోండి. మీ ఊళ్లోనే గోర్డన్ హైలాండర్స్ మ్యూజియం ఉంది, ఇద్దరూ కలిసి వెళ్లండి.

కొత్తది కుట్టించేటట్లయితే నాకు బాగా ఇష్టమైన సంగతొకటి చెబుతాను. మామూలు కిల్ట్‌కి వెనక మడతలు పెట్టినా గళ్లు చెదరకుండా కుడతారు. సైన్యం పద్ధతిలో అయితే మడత మడతకీ ఒకే చార నిలువుగా వస్తుంది. గోర్డన్లకు అది పసుపు చార. అలా కావాలని దర్జీకి చెప్పండి. తాతగారు పెరేడ్‌లో వేసుకున్న తీరు అదే. అంచు మోకాలి చిప్ప మధ్యకు రావాలి, అంతకన్నా కిందికి దిగకూడదు. చేత్తో కుట్టడానికి వారాలు పడుతుంది కాబట్టి నవంబరు దాకా ఆగకుండా ఇప్పుడే కొలతలివ్వండి.