చుక్కలు పరమాణువులు కావమ్మా

బరంపురం,
ఆదివారం

అమ్మాయీ,

ల్యాబ్‌లో నీ పని గురించి రాసిన వ్యాసం అందింది. మొదటిసారి సంతోషంగా చదివాను, రెండోసారి పెన్ను పట్టుకుని చదివాను.

పర్లాకిమిడి పిల్లవి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టి, "స్ఫటికోపరితలముపై లోహపటల వృద్ధి" అని మొదలుపెడితే ఎలాగమ్మా? మీ అమ్మకు నీ పని గురించి ఇలాగే చెబుతావా? "రాగి స్ఫటికం మీద వెండిని ఒక్క పరమాణువు మందాన పరిచాం" అను, చాలు. ఫిల్మ్, చాంబర్, వ్యాక్యూమ్ అలాగే ఉండనీ. 'పరమాణువు' మాత్రం వదలకు. బళ్లో అణువంటే మాలిక్యూల్ అని నేర్పి, బయటికొచ్చి అణుబాంబు అంటాం. చదివేవాళ్లకు ఆ తికమక ఇప్పటికే ఉంది.

అసలు గొడవ నీ మూడో పేరాలో ఉంది. "ఆకుపచ్చ తెర మీద పరమాణువులు చుక్కల్లా మెరిశాయి" అన్నావు. కావు. మీరు పంపిన ఎలక్ట్రాన్లు స్ఫటికానికి తగిలి తరంగాల్లా వెనక్కొస్తాయి. ఆ తరంగాలు ఏయే దిక్కుల్లో ఒకదానికొకటి తోడయ్యాయో అక్కడ చుక్క పడుతుంది. పరమాణువులు ఎంత ఎడంగా ఉంటే చుక్కలు అంత దగ్గరవుతాయి. నేనూ ఒకప్పుడు ఇదే తప్పు అచ్చేయించుకున్నాను. రాయగడ నుంచి ఒక మాస్టారు కార్డు రాశారు: "అవి పరమాణువులే అయితే, ఎలక్ట్రాన్ల శక్తి పెంచినప్పుడు మధ్యకు ఎందుకు జరుగుతాయండీ?" జవాబు రాయడానికి నాకు నెల పట్టింది.

కళ్లతో చూసింది ఒక వాక్యంలో, దాన్నుంచి తేల్చుకున్నది ఇంకో వాక్యంలో పెట్టు. ఎలక్ట్రాన్లు తరంగాల్లా నడుచుకుంటాయని ప్రయోగంలో చూపిన డేవిసన్, జెర్మర్‌లను నువ్వు ఒక్క లైనులో దాటేశావు. 1925లో న్యూయార్క్‌లో వాళ్ల ల్యాబ్‌లో ద్రవగాలి సీసా పేలింది. వేడిగా ఉన్న నికెల్ ముక్కకు గాలి తగిలి ఆక్సైడ్ పట్టింది. అది వదిలించడానికి బాగా కాలిస్తే చిన్న స్ఫటికాలు కలిసిపోయి కొన్ని పెద్దవయ్యాయి. మళ్లీ ఎలక్ట్రాన్లను పంపితే కొలతలు మొత్తం మారిపోయాయి. అది తరంగాల పని అని ప్రకటించేసరికి 1927 వచ్చింది. ఆ మధ్యకాలంలో వాళ్లు పడిన తికమకే చదివేవాళ్లకు కావాలి.

ఇక పోలిక. నీ 'ఇటుకల గోడ' తీసేయ్. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక చూశాను, మా దోమతెర ఒకచోట మడత పడి రెండు పొరలైంది. సన్నని గళ్ల మీద బెత్తెడేసి నీడ చారలు. ఒక పొరను గోరంత లాగితే చారలు బారెడు జరిగాయి. నీ వెండి పొర కూడా అంతే. రాగిలో పక్కపక్క పరమాణువుల దూరం 2.56 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు), వెండిలో 2.89. పది రాగి పరమాణువులు పట్టే చోట వెండివి దాదాపు తొమ్మిదే పడతాయి. అందుకే ఎస్‌టీఎం (సన్నని సూదిమొనతో ఉపరితలాన్ని తడిమి పరమాణువుల బొమ్మ గీసే మైక్రోస్కోపు) బొమ్మలో 26 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఒకసారి మిట్టపల్లాలు తిరిగొస్తాయి, ఆకుపచ్చ తెర మీద పెద్ద చుక్క చుట్టూ చిన్న చుక్కలు పుడతాయి.

ఈ దోమతెర పోలిక ఎక్కడ చిరుగుతుందో కూడా నువ్వే చెప్పాలి. బాగా చల్లగా ఉంచి పరిచిన పొరను కాస్త వేడెక్కనిస్తే, కింద రాగి పై వరుస నుంచి కొన్ని పరమాణువులు తప్పుకుని త్రికోణాలు ఏర్పడతాయి. పైతెరను పరిస్తే కిందితెర తన దారాలు తానే తెంపుకున్నట్టు! ఏ దోమతెరా ఆ పని చెయ్యదు. నాకైతే నీ వ్యాసం మొత్తంలో ఇదే గొప్ప సంగతి, నువ్వేమో బ్రాకెట్లో పెట్టావు.

ఇంకొకటి. గాలి తీసేసిన మీ చాంబర్‌కు లీకు పడి మూడు వారాలు పోయాయని ఉత్తరంలో రాశావు, వ్యాసంలో లేదు. సిగ్గెందుకు? పీడనం ఒక టార్‌లో (మామూలు గాలి పీడనం 760 టార్లు) పది లక్షల్లో ఒక వంతుకు దించినా, తగిలిన గాలంతా అంటుకుంటే శుభ్రమైన లోహం మీద సుమారు ఒక్క సెకనులో ఒక పొర పేరుకుంటుంది. దాన్ని ఇంకో పదివేల రెట్లు తగ్గిస్తేనే మీకు రెండు మూడు గంటలు దొరుకుతాయి. ఇది తెలిస్తే మీ టెన్షన్ ఏమిటో చదివేవాళ్లకూ అర్థమవుతుంది.

దసరాకు ఊరెళ్తూ బరంపురంలో దిగు. ల్యాబ్ నోట్‌బుక్ తీసుకురా, ఆ మూడు వారాల పేజీలున్నదే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు