ఇన్సులిన్ తాళంచెవి కాదమ్మా

తిరుపతి,
ఆదివారం

అమ్మా,

నీ వ్యాసం మంగళవారం అందింది. ఆ రాత్రే చదివాను, పొద్దున లేచి మళ్ళీ చదివాను. బాగా రాస్తావు, అందులో సందేహం లేదు. కానీ మూడో పేజీలో 'ఇన్సులిన్ ఒక తాళంచెవి, అది కణం తలుపు తెరుస్తుంది' అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. బయోకెమిస్ట్రీ ల్యాబులో నాలుగేళ్ళుగా ఇన్సులిన్ సిగ్నలింగ్ మీదే, అంటే ఇన్సులిన్ కబురు కణానికి ఎలా అందుతుందన్నదాని మీదే పని చేస్తున్నదానివి. ఈ మాట ఎవరు రాసినా నువ్వు రాయకూడదు.

నా కోపానికి కారణం ఉంది.

ఇరవై ఐదేళ్ళ కిందట చిత్తూరులో ఉద్యోగం చేస్తూ ఒక వారపత్రికకు సైన్సు వ్యాసాలు రాసేవాణ్ణి. షుగరు మీద రాసినప్పుడు నేనూ ఈ తాళంచెవి మాటే రాశాను. ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చూసి ఎత్తి రాసిందే. మా వీధిలో బెల్లం మండీలో లెక్కలు రాసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, షుగరుకు ఇన్సులిన్ సూది వేసుకునేవాడు. వ్యాసం ఉన్న పేజీ మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. "సార్, దినామూ రెండు పూటలా చెవి వేస్తానే ఉండాను గదా. మరి తలుపు తెరుచుకోదేమి?" అన్నాడు. నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. 'చెవి సరిగ్గా పట్టడం లేదేమో' అనేశాను. పట్టని చెవి వేయడం దేనికని ఆయన సూది మానేశాడు. ఆ సంగతి నాకు నాలుగు నెలల తర్వాత, ఆయన కాలికి కట్టుతో కనిపించిన రోజు తెలిసింది. రెండు వేళ్ళు తీసేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు మంచికే రాసినారు సార్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

తర్వాతే పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, ఇన్సులిన్ ఏ తలుపునూ తెరవదు. అది కణం పైపొరలో కబురు అందుకునే ప్రొటీన్‌ని, అంటే రిసెప్టర్‌ని, బయటివైపున పట్టుకుంటుంది, దాని పని అక్కడికి సరి. గ్లూకోజ్ లోపలికి పోయే దారి ఆ రిసెప్టర్ కాదు. రిసెప్టర్‌కి లోపలివైపు ఉన్న భాగం ముందు తనమీద తాను ఫాస్ఫేట్లు, అంటే ఫాస్ఫరస్ ఉన్న చిన్న ముక్కలు, అంటించుకుంటుంది, తర్వాత పక్కనున్న ఐఆర్ఎస్ ప్రొటీన్‌కి అంటిస్తుంది. అక్కడినుంచి పీఐ3 కైనేజ్, దాని తర్వాత ఏకేటీ, ఇవీ కణం లోపల కబురు మోసే ప్రొటీన్లే. కబురు అలా చేతులు మారుతూ పోతే, అప్పటిదాకా కండ, కొవ్వు కణాల లోపల చిన్న చిన్న సంచుల్లో దాగి ఉన్న, గ్లూకోజ్‌ని లోపలికి పంపే గ్లూట్4 ప్రొటీన్లు కదిలి పైపొరకు వచ్చి చేరతాయి. అంటే తలుపులు అసలు గోడకు లేనే లేవు, లోపల దాచి ఉన్నాయి! కబురు అందాక తెచ్చి బిగిస్తారు, పనయ్యాక మళ్ళీ లోపలికి తీసుకుపోతారు. 1980లో రెండు బృందాలు ఎలుక కొవ్వు కణాల్లో ఈ సంగతి విడివిడిగా కనిపెట్టాయి. నేను వ్యాసం రాసేనాటికే ఇది ఇరవయ్యేళ్ళ పాత విషయం.

ఇక ఆ పెద్దాయన ప్రశ్నకు వస్తే, ఇన్సులిన్‌లో లోపం లేదు. కండలోనూ కాలేయంలోనూ కొవ్వు పేరుకున్నప్పుడు ఐఆర్ఎస్ మీద పడకూడని చోట ఫాస్ఫేట్లు పడి, అక్కడే కబురు సన్నగిల్లుతుంది. ఇన్సులిన్ ఉన్నా ఒళ్ళు దాని మాట సరిగా వినకపోవడాన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు, దానికి ఇదొక దారి. 'కబురు సన్నగిల్లిందయ్యా, తెగిపోలేదు. అందుకే మోతాదు పెంచమంటారు గానీ మానమనరు' అని ఆ రోజు నేను చెప్పగలిగి ఉంటే చాలు. ఒక్క వాక్యం. తాళంచెవి పోలికలో ఆ వాక్యానికి చోటు లేదు.

అలిపిరి దారి సంగతి ఆలోచించు. 3,550 మెట్లు. మెట్లెక్కే కాలి కండ ఇన్సులిన్ వచ్చేదాకా ఆగదు. కండ పని చేసేటప్పుడు వేరే దారిన కబురు పోయి, ఆ గ్లూట్4లే పైకొస్తాయి. ఇన్సులిన్ కబురు సరిగా నడవని ఒంట్లో కూడా ఈ దారి నడుస్తుంది. రోజూ నడవమని డాక్టర్లు పోరేది అందుకే. సూది వేసుకునేవాళ్ళు కొండెక్కేటప్పుడు, రక్తంలో చక్కెర మరీ పడిపోతుందేమోనని, చక్కెర బిళ్ళలు వెంట ఉంచుకునేదీ అందుకే. ఇదంతా నీకు కంఠతా వచ్చు. వచ్చి కూడా తాళంచెవి రాశావు.

మొదటి పేజీలో బయోకెమిస్టు యల్లాప్రగడ సుబ్బారావు గారిని 'తెలుగుజాతి ముద్దుబిడ్డ' అన్నావు. ఆ పేరా మొత్తం అంతే, ఆయన చేసిన పని ఒక్కటీ లేదు. ఒంట్లో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి అచ్చువేసినవాడాయన. దాన్ని పట్టుకునే, కండకు శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికి, కణాలకు శక్తి అందించే ఏటీపీ దగ్గరికి వెళ్ళాడు. నీ ఇన్సులిన్ కబురంతా నడిచేది ఏటీపీ నుంచి తీసుకున్న ఫాస్ఫేట్ల మీదే కదా! భీమవరంలో పుట్టిన మనిషికీ నీ ల్యాబు బల్లకీ ఇంత దగ్గర చుట్టరికం ఉంటే బిరుదుతో సరిపెట్టేశావు.

రిసెప్టర్‌ని గ్రాహకం అనాలా అని అడిగావు. రిసెప్టర్ అనే రాయి. ఒకప్పుడు ఒక సంపాదకుడు నా వ్యాసంలో షుగరు అన్న ప్రతిచోటా కొట్టేసి మధుమేహం అని దిద్దాడు. మండీలో ఆ మాట ఎవరూ వాడరు. తర్వాత వచ్చినాయనకు అంతా ఐదు చిట్కాల్లో చెప్పాలి. పన్నెండు పేజీలు రాసిస్తే ఒకటిన్నర వేసి, పైన 'షుగరుకు ఇక సెలవు' అని హెడ్డింగు పెట్టాడు. సెలవెక్కడిది? చదివినవాళ్ళు మందులు మానితే ఎవరిది పాపం? దానికింకా నేను ఆయన్ని క్షమించలేదు.

సంపాదకుడు నీ వ్యాసం తిప్పి పంపాడని మాత్రం రాయడం మానకు. 1955లో అమెరికా శాస్త్రవేత్తలు రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్‌ల పేపరుకూ అదే జరిగింది. ఇన్సులిన్ సూదులు వేయించుకున్నవాళ్ళ రక్తంలో ఇన్సులిన్‌ని పట్టుకునే యాంటీబాడీలు పుడతాయని వాళ్ళు చూశారు. అంత చిన్న ప్రొటీన్‌కి యాంటీబాడీలు పుట్టవని అప్పటి పెద్దల నమ్మకం. చివరికి శీర్షికలోంచి యాంటీబాడీ అన్న మాట తీసేశాకే 1956లో అచ్చయింది. రక్తంలో ఇన్సులిన్‌ని కచ్చితంగా కొలిచే పద్ధతి ఆ పనిలోంచే వచ్చింది. 1977లో నోబెల్ అందుకున్నప్పుడు యాలో తన ప్రసంగంలో ఆ తిరస్కార లేఖను అందరికీ చూపించింది. బెర్సన్ అప్పటికే పోయాడు.

ఆ రోజు పుస్తకాల సభ అయ్యాక బస్టాండు దాకా నడుస్తూ నీ పని గురించి చెప్పావు, గుర్తుందా? ఎలుక కండ ముక్కను లిక్విడ్ నైట్రోజన్‌లో వేయడం, దాని ప్రొటీన్లు ఎక్కించిన పొరను, అదే బ్లాట్‌ని, యాంటీబాడీలో రాత్రంతా చల్లగదిలో ఊగనివ్వడం, పొద్దున ఫాస్ఫో-ఏకేటీ బ్యాండు, అంటే ఫాస్ఫేట్ అంటిన ఏకేటీని చూపే గీత, కనబడకపోతే లోపం ఎలుకదా, యాంటీబాడీదా, నా చేతిదా అని టెన్షన్‌తో టిఫిన్ కూడా తినబుద్ధి కాకపోవడం. నేను బస్సెక్కడం మరిచిపోయి విన్నాను. వ్యాసంలో అదంతా 'ప్రయోగాలు జరిపాము' అన్న రెండు మాటలైంది. ఆ రెండు మాటలు కొట్టేసి, బస్టాండు దారిలో చెప్పినట్టే రాయి.

చివరి పేజీలో మీ అవ్వ ఉంది. ఫ్రిజ్జు లేని ఇంట్లో ఇన్సులిన్ సీసాను మట్టిముంతలో తడి ఇసుక మధ్య పెట్టి, పైన గోనెగుడ్డ కప్పేదని రాశావు. కొండనుంచి లడ్డూ వస్తే గోరంత తుంచి, కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకోకుండా నీ చేతిలో పెట్టేదట. ఇవి రెండు వాక్యాలే. అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. మా అమ్మ కూడా అంతే, చివరి పదేళ్ళు ప్రసాదం కళ్ళకద్దుకోవడంతోనే తృప్తి పడింది. తర్వాతి పేరాలోనే నువ్వు గణాంకాల్లోకి వెళ్ళిపోయావు.

వ్యాసం అక్కడినుంచి మొదలుపెట్టు. కానీ నాకు ఇంకా కొన్ని తెలియాలి. ముంత వంటింట్లో ఉండేదా, పెరట్లో చెట్టుకిందా? ఎండాకాలం మన ఊళ్ళ వేడికి ఇసుక రోజుకెన్నిసార్లు తడిపేది? సీసా మీద అక్షరాలు చదవలేని మనిషి సిరంజిలో గీత ఎలా చూసుకునేది, నిన్ను పిలిచేదా? అవి రాసి పంపు.