పరుగెత్తేవాళ్లకు స్నోషూయింగ్ పనికొస్తుందా?

హనుమకొండలో రోజూ పరుగెత్తుతానని, జనవరిలో ఉత్తరాఖండ్ మంచుకొండల్లోని ఔలీ వెళ్తున్నానని, అక్కడ పరుగుకు బదులు స్నోషూయింగ్ చేస్తే సాధన దెబ్బతింటుందా అని అడిగారు. దెబ్బతినదు, నిక్షేపంగా చేయండి.

స్నోషూ అంటే బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రం. ఒంటి బరువును ఎక్కువ జాగాలో పరిచి, కాలు మంచులో లోతుగా దిగబడకుండా ఆపుతుంది. అయినా కొంత దిగుతుంది. ప్రతి అడుగుకూ కాలు బాగా పైకెత్తాలి, కాస్త ఎడంగా వేయాలి. దాంతో తుంటికి, పిరుదులకు, తొడలకు తారురోడ్డు మీద పడని పని పడుతుంది. గుండెకూ మంచి కసరత్తే. మోకాళ్లకు మాత్రం అదురు తక్కువ, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

అక్కడ వేగం లెక్క చూసుకోకండి. వరంగల్ సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంటే ఔలీ 2,500 మీటర్ల పైనే, ఆయాసం త్వరగా వస్తుంది. మొదటిరోజు అరగంట చాలు. తలనొప్పి, వికారం మొదలైతే ఆగిపోండి, తగ్గకపోతే కిందికి దిగిపోండి.

ఈలోగా పద్మాక్షి గుట్ట మెట్లెక్కండి. మేడారం వైపు వెళ్తే జంపన్నవాగు పొడి ఇసుకలో నడవండి. ఇసుక పిక్కల్ని, మడమ వెనక నరాన్ని బాగా లాగుతుంది కాబట్టి కొద్దికొద్దిగానే పెంచండి. నూలు బనియన్లు మాత్రం తీసుకెళ్లకండి, చెమటకు తడిస్తే ఆరవు, చలి పట్టేస్తుంది.